గన్నేరా, పచ్చ గన్నేరా, ఎడారి గులాబీయా? అనంతపురం ఇంటికి ఏది మేలు?

అనంతపురంలో పూలచెట్టు పెట్టాలంటే మొదట చూసుకోవాల్సింది నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఊళ్లో గులాబీని ఎండాకాలం దాటించడం మాటలు కాదు. అందుకే చాలామంది గన్నేరు వైపు మొగ్గుతారు. 44వ నంబరు జాతీయ రహదారి నడుమ విరగబూసేది అదే. నీళ్లు అడగదు, మేకలు ముట్టవు. ఎందుకు ముట్టవంటే, ఆకు నుంచి వేరు దాకా అంతా విషమే.

ఆ విషం పేరు ఒలియాండ్రిన్. గుండె లయ తప్పిస్తుంది. 2024 మేలో కేరళలో తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో ఈ పూలు వాడొద్దంది. మనం శివుడికి నిక్షేపంగా పెట్టుకోవచ్చు, నోట్లోకి పోయే దేంట్లోనూ వేయకుంటే చాలు. అసలు చిక్కు కత్తిరించిన కొమ్మలతో. పచ్చి ఆకు చేదని వదిలేసే మేకే, ఎండినాక మేతలో కలిస్తే నమిలేస్తుంది. ఎండినా విషం పోదు. పొయ్యిలో పెడదామా అంటే పొగ కూడా చెరుపే.

పచ్చ గన్నేరు చూడ్డానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది. సన్నటి మెరిసే ఆకులు, గంటల్లా వేలాడే పసుపు పూలు, తుంచితే తెల్లటి పాలు. కానీ కాయ ఉందే, దాంతోనే భయం. ఆకుపచ్చగా మూలలు తేలి ఉండి, పండి నల్లబడి రాలుతుంది. లోపలి గట్టి గింజను పిల్లలు ఆటకు ఏరుకుంటారు. ఆ పప్పులో విషం మరీ ఎక్కువ. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ చెట్టు వద్దే వద్దు. పొరపాటున ఎవరైనా నమిలితే చింతపండు రసం, ఉప్పునీళ్లు అంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, ఆ కొమ్మో కాయో కూడా ఆసుపత్రికి తీసుకుపోండి.

ఎడారి గులాబీ, అదే అడీనియం, కూడా ఈ గన్నేరు కుటుంబానిదే. ఆఫ్రికాలో దీని రసాన్ని బాణాలకు పూసేవాళ్లు. అయినా నా ఓటు దీనికే. కుండీలో ఒదుగుతుంది, మిద్దె మీద పిట్టగోడ పక్కన పిల్లలకూ మేకలకూ అందకుండా పెట్టుకోవచ్చు. మన ఎండంటే దానికి ప్రాణం. నీళ్లెక్కువైతేనే మొదలు కుళ్లుతుంది. కొమ్మ కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కాంపౌండు గోడ వెంబడి గుబురుగా కావాలంటే మాత్రం అడీనియం చాలదు. అక్కడ గన్నేరు కంటే కాగితం పూల చెట్టు నయం. ముళ్లు గీసుకుంటాయి, అంతే.