విసునూరు గడి చూడండి, జనగామలో మాత్రం రాత్రి ఉండకండి

ముందు లాడ్జి సంగతి చెప్తాను, ఇంకొకరు ఇరుక్కోకుండా. జనగామలో మేం దిగిన లాడ్జివాళ్లు ఫోన్‌లో రూము 900 అన్నారు. రాత్రి తొమ్మిదింటికి నాన్నతో వెళ్లేసరికి ఏసీ రూము ఒక్కటే మిగిలిందని 1,600 తీసుకున్నారు. ఆ ఏసీ నడవలేదు. అడిగితే పొద్దున మెకానిక్ వస్తాడట! దుప్పటికి వేరే 50. డెబ్బై రెండేళ్ల మనిషి రాత్రంతా కిటికీ దగ్గరే కూర్చున్నారు. హైదరాబాద్ నుంచి జనగామ ఎంతో దూరం కాదు, రెండు గంటల దారి. తెల్లారి బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరండి.

ఆటో రానుపోను 1,200. మొదట కడవెండి వెళ్లాం. నిజాం కాలపు పెద్ద భూస్వామి, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తల్లి జానకమ్మ దొరసాని గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, ఉన్న ఊరు అది. 1946 జులై 4న దొరలను ఎదిరించిన రైతుల సంఘం ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది అక్కడే. కొమరయ్య స్తూపం కనబడగానే నాన్న చెప్పులు విప్పేశారు. అప్పటిదాకా ఆయనకు లాడ్జి మీదే కోపం, ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

విసునూరులో మిగిలినవి గోడలే. అరవై ఊళ్లు, నలభై వేల ఎకరాలు ఏలిన ఇల్లు! పైకప్పు దూలాలు పోయి, అవి కూర్చున్న చదరపు బొక్కలు మాత్రం గోడలో వరుసగా ఉన్నాయి. ఒక బొక్కలోంచి రావి మొక్క లేచింది. డంగు సున్నం చెయ్యి పెడితే పొడిగా రాలుతోంది. గోడ మందం ఎంతో చూద్దామని నాన్న చెయ్యి చాపితే అవతలి అంచు అందలేదు. "చిన్నప్పుడు మా అమ్మ ఇట్లాంటి గడిలోనే వడ్లు దంచింది. గింజ కూలి ఇయ్యలే" అన్నారు.

గడి వానకు కూలిపోలేదు. వెట్టి ఆగాక నీళ్లు మోసేవాళ్లు, వడ్లు దంచేవాళ్లు, కాపలా కాసేవాళ్లు లేకపోయారు. 1948లో భారత సైన్యం హైదరాబాద్‌ను కలుపుకున్న పోలీసు చర్యతో నిజాం అండ పోయింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. పనివాళ్లు లేని అంత పెద్ద ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది?

నాకు బాధ కలిగించింది ఒకటే. ఇక్కడ ఏం జరిగిందో చెప్పే బోర్డు ఒక్కటీ మా కంటపడలేదు. మా వెనక వచ్చిన కుర్రాళ్లు అదేదో రాజుగారి కోట అనుకుని ఫోటోలు దిగుతున్నారు. నాన్న వాళ్లను కూర్చోబెట్టి, తాను పండించిన పంటను దొరకు వదలని పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ అరగంట చెప్పారు. కదలకుండా విన్నారు.

తిరిగొస్తూ పాలకుర్తిలో ఒకావిడ ఇంట్లోనే నడిపే మెస్‌లో తిన్నాం. 80 రూపాయలకు జొన్నరొట్టె, పప్పు, అన్నం, పచ్చిపులుసు. నాన్న పచ్చిపులుసు మూడుసార్లు పోయించుకున్నారు. ఇద్దరికీ కలిపి 200 ఇస్తే, "ఎక్కువెందుకు బిడ్డా" అని నలభై నా చేతిలో పెట్టింది.