పాలమూరు గానుగ నూనె: కొనవచ్చు, కానీ దొరికినప్పుడే

జడ్చర్ల నుంచి కల్వకుర్తి వెళ్ళే దారిలోని ఒక పల్లెలో, మహిళా సంఘం సభ్యురాలొకరు నడిపే చెక్క గానుగలో గత ఫిబ్రవరి నుంచి పల్లీనూనె కొంటున్నాను. నూనెకు వంక పెట్టలేను. మూత తీయగానే పల్లీల వాసన వస్తుంది; పులిహోర పోపులో ఆ కమ్మదనం మర్నాటికీ పోదు. అడుగున సన్నటి మడ్డి చేరుతుంది గానీ, శుద్ధి చేయని నూనెకు అది సహజమే. రిఫైనరీలో జరిగే శుద్ధి గానుగలో ఉండదు కనుక బూజు గింజల్లోని అఫ్లాటాక్సిన్ అనే విషం నూనెలోకి దిగే ప్రమాదం ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు చేటల్లో పోసుకుని గింజలు ఏరడం చూశాకే రెండో సీసా కొన్నాను.

ధర ప్యాకెట్ నూనె కంటే బాగా ఎక్కువ. లీటరుకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి కనుక దానికి ఆమెను తప్పుపట్టలేము. సీసా మీద ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉన్నా, నూనె తీసిన తేదీ లేకపోవడం మాత్రం లోపమే.

అసలు చిక్కు సరుకు. యాసంగి పల్లి బాదేపల్లి మార్కెట్‌కు వచ్చే నెలల్లో కావలసినంత దొరుకుతుంది; వానాకాలంలో రెండుసార్లు ఖాళీ డబ్బాతో తిరిగి వచ్చాను. అడిగితే, "మిషన్‌కు లోన్ ఇచ్చిన్రు సార్, పల్లీలు కొననీకి పైసలేవి?" అన్నారామె. చిన్న ఆహార తయారీ యూనిట్లకు సాయంగా 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద పెట్టిన గానుగ ఇది. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఉన్నా, అది చేతికి రాదు. బ్యాంకులోనే ఉండి, అప్పు సక్రమంగా కడుతూ వస్తే మూడేళ్ళ తరువాత ఆ అప్పుకే జమ అవుతుంది. సంఘం సభ్యులకు పెట్టుబడిగా ఇచ్చే మొత్తం గరిష్ఠంగా 40,000 రూపాయలు. 2025-26 మద్దతు ధర క్వింటాలు 7,263 రూపాయల చొప్పున చూసినా దానితో అయిదున్నర క్వింటాళ్ళ కాయ వస్తుంది. పొట్టు పోగా తేలే నూనె 150 లీటర్లు. ఏడాదంతా గానుగ తిప్పవలసిన మనిషికి అది ఏ మూలకు? మరోవైపు, 2025 మేలో ముడి పామాయిల్ వంటి నూనెలపై మూల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించడంతో చవక నూనెల పోటీ ఇంకా పెరిగింది.

వెళ్ళేవారు ముందుగా ఫోన్ చేసి వెళ్ళడం మంచిది. దసరాకు కావలసిన అయిదు లీటర్లకు నేను ముందే డబ్బు ఇచ్చి, సీసా మీద తేదీ వేయమని మరోసారి చెప్పి వచ్చాను.