టంగుటూరు మెస్: రాస్తారోకో నాటి భోజనం

టంగుటూరులో పొగాకు రైతులకు అలవాటైన ఈ చిన్న మెస్‌లో నేను చాలాసార్లు తిన్నాను గాని, దాని అసలు గుణం తెలిసింది రైతులు రోడ్డెక్కిన రోజునే. వేలంలో తమ బేళ్లను కొనేవారు లేక నోబిడ్ కావడంతో వారు 16వ నంబరు జాతీయ రహదారిపై బైఠాయించారు. ఒంగోలు వెళ్లవలసిన మా బస్సు రెండు గంటలకు పైగా కదలలేదు.

కూరగాయల బండి, పాల వ్యాను కూడా ఆ వరుసలోనే చిక్కుకున్నందున వేపుడు, పెరుగు లేవని యజమానురాలు ముందే చెప్పి, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, చారుతో వడ్డించి, 100 రూపాయల భోజనానికి 80 మాత్రమే తీసుకున్నారు. పచ్చడిలో ఎండుమిరప ఘాటు, వెల్లుల్లి పోపు చక్కగా కుదిరాయి. చారు మాత్రం, ఎప్పటిలాగే, పలచన.

ధర్నాలో కూర్చున్నవారికి ఆమె బిందెలతో మంచినీళ్లు పంపుతుంటే, వ్యాపారం పోయింది కదా అని అడిగాను. "మా గిరాకీ అంతా వాళ్లేనండీ, బేళ్లు అమ్ముడుపోతేనే మా ఖాతాలు చెల్లుతాయి" అన్నారు. నిజమే, వేలం సాగే నెలల్లో హమాలీలు, ట్రాక్టరు డ్రైవర్లు సైతం ఇక్కడ అప్పు మీదే తింటారు.

చేతులు కడుక్కునే చోట నీరు నిలుస్తోంది, దానిని బాగుచేయించాలి. ఒంటిగంట దాటితే బల్ల దొరకదు.