నల్గొండలో కొన్న సిలికాన్ టీతర్, మా పాపకు ఎలా పనికొచ్చిందంటే

పాపకు కింది ముందుపళ్లు వస్తున్నాయని నల్గొండ ప్రకాశం బజార్‌లో, పిల్లల సామాన్లు అమ్మే షాపులో చిగుళ్ల నొప్పికి పిల్లలు నమిలే ఈ సిలికాన్ రింగు (టీతర్) తీసుకున్నా, ధర 150 రూపాయలు. షాపాయన ముందు లోపల నీళ్లుండే రంగుల టీతర్ చూపించిండు, చల్లదనం ఎక్కువసేపు ఉంటుందన్నడు కానీ పంటి కొన గుచ్చుకుని చిరిగితే లోపలున్నదంతా బిడ్డ నోట్లోకే పోతుంది, అందుకే వద్దన్నా.

ఇది అతుకుల్లేకుండా ఒకే ముక్క. సన్నగా ఉండటంతో పాప తనే పట్టుకుని నోట్లో పెట్టుకుంటోంది, నాకు బాగా నచ్చింది ఇదే. కడిగి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి ఇస్తే చిగుళ్లకు హాయిగా ఉండి ఏడుపు తగ్గుతోంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, మరీ చల్లగా అయ్యి లేత చిగుళ్లను ఇంకా నొప్పిస్తుంది. మన ఎండలకు బయటికి తీసిన కాసేపటికే చల్లదనం పోతుంది కాబట్టి రెండు కొనుక్కుంటే ఒకటి నోట్లో, ఒకటి ఫ్రిజ్‌లో ఉంటాయి.

ఇబ్బంది ఏంటంటే, కింద పడిందంటే చాలు దుమ్ము, వెంట్రుకలు అన్నీ అంటుకుంటాయి, ప్రతిసారీ కడగాల్సిందే. రింగు ముందు చిగుళ్లకే అందుతుంది, దవడ పళ్లప్పుడు ఇది పనికిరాదు. పడిపోతోందని తాడు కట్టి మెడలో వేయడం అసలే వద్దు, గొంతుకు బిగుసుకునే ప్రమాదం ఉంది.

మా అత్తమ్మ శుభ్రమైన నూలు గుడ్డ తడిపి, ఫ్రిజ్‌లో చల్లబరిచి నమలనిస్తది, శుభ్రంగా కడుక్కున్న వేలితో చిగుళ్లు మెల్లగా రుద్దుతది. పైసా ఖర్చు లేదు, నిజం చెప్పాలంటే కొన్ని రాత్రులు టీతర్ కన్నా అదే బాగా పనిచేసింది. సొంగకు గదవ కింద ఎర్రగా అయితే మెత్తటి గుడ్డతో అద్ది కాస్త వాజలైన్ రాస్తున్నాం.

మెడికల్ షాపులో చిగుళ్లకు రాసే జెల్ ఇస్తామంటే మాత్రం డబ్బా మీద బెంజోకైన్ (చిగుళ్లను మొద్దుబార్చే మందు) అని ఉందేమో చూడండి. రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని అది తగ్గించే ప్రమాదం ఉందని, రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఇంకోటి, పళ్లొచ్చేటప్పుడు ఒళ్లు కొంచెం వెచ్చబడొచ్చు గానీ 100.4 డిగ్రీలు దాటిన జ్వరాన్ని, విరేచనాలను పళ్ల మీదికి నెట్టి ఇంట్లో కూర్చోవద్దు, పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ముందుపళ్ల వరకైతే 150 పెట్టొచ్చు. దవడ పళ్ల టైముకు లోపలిదాకా అందే పొడుగు పిడి ఉన్నది తీసుకుంటా.