నికెల్ వేటలో ఏది మేలు: రాయిని చదవడమా, ఈఎం సర్వేనా?

పొలంలో బోరు వేయించే ముందు సర్వే చేయించిన రైతుకు ఈ టెన్షన్ తెలుసు. మీటరు చూపిన చోట దిగినా నీళ్లు పడతాయన్న గ్యారంటీ లేదు. నికెల్, రాగి వెతికే జియాలజిస్టుదీ అదే బాధ. కాకపోతే ఆయన వందల మీటర్లు దిగాలి, ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎక్కడ దిగాలో తేల్చుకోవడానికి ఆయనకు ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది ఎలక్ట్రోమాగ్నెటిక్ సర్వే, వాడుకలో ఈఎం. నేల మీద పెద్ద తీగచుట్టు పరిచి, కరెంటు పంపి, ఒక్కసారిగా ఆపేస్తారు. కింద కరెంటు బాగా పారే ముద్ద ఉంటే అందులో పుట్టిన సుడి ప్రవాహాలు వెంటనే ఆగిపోవు. ఆ జాడను పైనున్న సెన్సర్ పట్టేస్తుంది. విమానం నుంచీ, హెలికాప్టర్ నుంచీ కూడా చేయొచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) మన దేశంలో భూగర్భజలాల మ్యాపింగ్‌కు వాడిన హెలికాప్టర్ సర్వే కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. 1956లో కెనడాలోని థాంప్సన్ నిక్షేపం, 2012లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని నోవా దొరకడంలో ఈఎందే పెద్ద చెయ్యి.

కానీ ఈఎం చెప్పేది ఒక్కటే: కింద కరెంటు పారేది ఏదో ఉంది. అది గ్రాఫైట్ కావచ్చు, నికెల్ లేని ఇనుప సల్ఫైడ్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) కావచ్చు. ఖనిజం ముద్దగా కాకుండా రాయంతా చుక్కలుగా చెదిరి ఉంటే అసలు పట్టకపోవచ్చు.

రెండో దారి రాయిని చదవడం. నాకు ఇష్టమైనది ఇదే. మాగ్మా, అంటే భూమి లోపలి కరిగిన రాయి, చల్లబడుతున్నప్పుడు అందులోని నికెల్ మామూలుగా ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజంలోకి చేరుతుంది. అయితే గంధకం ఎక్కువై సల్ఫైడ్ చుక్కలు విడిపోతే, అవి నికెల్‌నీ రాగినీ లాగేసుకుంటాయి. ఆ తర్వాత ఏర్పడే ఆలివిన్‌కు నికెల్ తక్కువే మిగులుతుంది. అంటే నికెల్ తగ్గిన ఆలివిన్ కనిపిస్తే నిరాశపడకూడదు, వెతకాలి! పోయిన నికెల్ దగ్గర్లోనే ఎక్కడో చేరి ఉండొచ్చు.

ఆ గంధకం ఎక్కడిదో దాని ఐసోటోపులు, అంటే బరువులో కాస్త తేడా ఉన్న గంధకం పరమాణువులు, చెబుతాయి. సైబీరియాలోని నోరిల్స్క్‌లో మాగ్మా దారిలోని అవక్షేప శిలల నుంచి గంధకాన్ని కలుపుకుందని అవే బయటపెట్టాయి. కాబట్టి గంధకం ఉన్న రాళ్లను చీల్చుకుంటూ మాగ్మా పైకి వచ్చిన ప్రాంతాలను మ్యాపులోనే గుర్తు పెట్టుకోవచ్చు. లోపం కూడా ఉంది. ఖనిజం విడిపోయిందని రాయి చెప్పగలదు, అది ఎన్ని మీటర్ల కింద ఉందో చెప్పలేదు. పైగా ఆలివిన్ నీటితో చర్య జరిగి సర్పెంటైన్ అనే వేరే ఖనిజంగా మారిపోయిన చోట ఈ లెక్క తప్పే ప్రమాదం ఉంది.

రెండూ ఎలా కలిసి పనిచేస్తాయో కెనడా లాబ్రడార్‌లోని వాయిసీస్ బే చూపిస్తుంది. 1993లో అక్కడ మొదట కనిపించింది తుప్పు రంగు కొండ. వెళ్లినవాళ్లు నిజానికి వజ్రాల కోసం వెతుకుతున్నారు. తర్వాత ఈఎం జాడ వెంట వెళ్లి డ్రిల్ చేస్తే, 1995లో బురద నేల కింద ముద్ద ఖనిజం వంద మీటర్లకు పైగా తగిలింది. అదే ఓవాయిడ్ అనే నిక్షేపం. అక్కడే ఇంకా లోతున్న ఈస్టర్న్ డీప్స్ అనే మరో నిక్షేపం విషయంలో మాగ్మా వచ్చిన సన్నని దారిని అర్థం చేసుకోవడం అవసరమైంది. ఆ దారి పెద్ద అరలో కలిసే చోటే అక్కడ ఖనిజం చేరింది.

మరి ఏది మేలు? ప్రాంతం ఎంచుకునేటప్పుడు రాయి మాటే వినాలి. వేల చదరపు కిలోమీటర్లలో ఈఎం చూపే ప్రతి జాడనూ తవ్వుకుంటూ పోతే డబ్బంతా గ్రాఫైట్‌కే పోతుంది. ప్రాంతం తేలాక డ్రిల్ పెట్టే చోటు మాత్రం ఈఎంకే వదలాలి. డబ్బు తక్కువుంటే నేనైతే ముందు రాళ్ల నమూనాలకే ఖర్చు పెడతాను. ఒక బోరు వట్టిదని తేలినా వదిలేయకుండా అందులోకే ఈఎం సెన్సర్ దింపిస్తాను. పక్కనే కొన్ని పదుల మీటర్ల దూరంలో తప్పిపోయిన ముద్దను అది చూడగలదు.