విదేశీ సైనికుడు నేరం చేస్తే విచారణ ఎవరిది? ఇరాక్, అఫ్గాన్, జపాన్ దారుల్లో ఏది మేలు?

2007 సెప్టెంబర్ 16, బాగ్దాద్‌లోని నిసూర్ కూడలి. ట్రాఫిక్‌లో ముందుకొస్తున్న తెల్ల కియా కారు మీద అమెరికా ప్రైవేటు భద్రతా కంపెనీ బ్లాక్‌వాటర్ గార్డులు (అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టర్లు) కాల్పులు మొదలుపెట్టారు. కారులో ఉన్నది వైద్యవిద్య చదువుతున్న కుర్రాడు, వాళ్లమ్మ. కాల్పులు ఆగేసరికి మొత్తం 17 మంది ఇరాకీలు బలయ్యారు.

అంత జరిగినా ఇరాక్ కోర్టులో కేసు నడవలేదు. 2004లో అధికారం ఇరాకీలకు అప్పగించడానికి ఒక్కరోజు ముందు, జూన్ 27న, అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ 17వ నంబరు ఉత్తర్వును సవరించి సంతకం పెట్టాడు. దాని ప్రకారం విదేశీ సైనికులు ఇరాక్ కోర్టుల పరిధిలోకి రారు. కాంట్రాక్టు పనిలో చేసినదానికి కాంట్రాక్టర్లూ రారు. చివరికి అమెరికా కోర్టులో 2014లో నలుగురు గార్డుల మీద నేరం రుజువైంది, 2020 డిసెంబర్‌లో ట్రంప్ వాళ్లకు క్షమాభిక్ష పెట్టాడు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇంకెక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు.

ఆ తర్వాత ఇరాక్ గట్టిగా నిలబడింది. అమెరికాతో 2008 ఒప్పందంలో కాంట్రాక్టర్లను తన చట్టం కిందికి తెచ్చుకుంది. సైనికుల విషయంలో మాత్రం స్థావరం బయట, డ్యూటీలో లేనప్పుడు, కావాలని చేసిన ఘోర నేరాలకే ఇరాక్‌కు హక్కు. డ్యూటీలో ఉన్నాడా లేడా తేల్చేది మళ్లీ అమెరికావాళ్లే! 2011లో శిక్షణ కోసం కొంతమంది అమెరికా సైనికుల్ని ఉంచుకునే మాట వచ్చినప్పుడు, వాళ్లకు ఇరాక్ కోర్టుల నుంచి చట్టరక్షణ ఇవ్వడానికి ఇరాక్ నాయకులు ఒప్పుకోలేదు. డిసెంబర్ 18న చివరి అమెరికా కాన్వాయ్ కువైట్‌లోకి దాటిపోయింది. నాకు ఆ నిర్ణయం మీద గౌరవం ఉంది. కానీ 2014 జూన్‌లో ఇరాక్ నగరం మోసుల్ ఐసిస్ ఉగ్రవాదుల చేతికి పోయాక, పార్లమెంటు ఓటు లేకుండానే ఒక దౌత్య లేఖతో తిరిగొచ్చిన అమెరికా సైనికులకు అదే రక్షణ ఇవ్వాల్సి వచ్చింది.

అఫ్గానిస్తాన్‌ది దీనికి తలకిందులు. 2012 మార్చిలో కాందహార్ దగ్గర పంజ్వాయిలో ఒక అమెరికా సార్జెంట్ రాత్రిపూట ఇళ్లలోకి చొరబడి 16 మందిని చంపాడు. అతణ్ణి దేశం దాటించేశారు. శిక్ష ఖరారు చేసే విచారణలో సాక్ష్యం చెప్పడానికి ఊరివాళ్లు కొందరు వాషింగ్టన్ రాష్ట్రం దాకా వెళ్లారు. యావజ్జీవం పడింది, నిజమే. అయినా తమ ఊళ్లో జరిగిన హత్యలకు తమవాళ్లే సముద్రాలు దాటి వెళ్లి సాక్ష్యం చెప్పుకోవాలా? అఫ్గాన్ అధ్యక్షుడు కర్జాయ్ సంతకం పెట్టనన్న, అమెరికాతో భద్రతా ఒప్పందం మీద కొత్త అధ్యక్షుడు ఘనీ పదవి చేపట్టిన మర్నాడే, 2014 సెప్టెంబర్ 30న, సంతకాలైపోయాయి. సైనికుల మీద పూర్తి అధికారం అమెరికాకే దక్కింది.

జపాన్‌లో 1960 ఒప్పందం ప్రకారం డ్యూటీలో చేసిన నేరం విచారణ అమెరికాది, డ్యూటీలో లేనప్పుడు చేసింది జపాన్‌ది. కాగితం మీద మూడింట్లో ఇదే మేలు. అయితే 1995లో ఒకినావాలో ముగ్గురు అమెరికా సైనికులు 12 ఏళ్ల పాపను ఎత్తుకెళ్లి అత్యాచారం చేసినప్పుడు, అభియోగం నమోదయ్యేదాకా నిందితులు అమెరికా కస్టడీలోనే ఉన్నారు. జనం వేల సంఖ్యలో రోడ్డెక్కాక, హత్య, అత్యాచారం కేసుల్లో అభియోగానికి ముందే అప్పగించే విషయాన్ని సానుభూతితో పరిశీలిస్తామని అమెరికావాళ్లు అన్నారు. హక్కుగా మాత్రం రాయలేదు. ఆ ముగ్గురికీ జపాన్ కోర్టే జైలుశిక్ష వేసింది, ఆ ఫలితం ఇరాకీలకు దక్కలేదు.

నన్నడిగితే, విదేశీ సైన్యం అక్కర్లేని దేశానికి 2011 నాటి ఇరాక్ దారే మేలు. సైన్యం ఉండక తప్పదంటే జపాన్ దారి పట్టాలి, కానీ దానికి రెండు షరతులు కలపాలి. నిందితుడు మొదటిరోజు నుంచే స్థానిక పోలీసుల చేతిలో ఉండాలి. డ్యూటీలో ఉన్నాడా లేడా అన్నది స్థానిక జడ్జి తేల్చాలి. అఫ్గాన్ దారి మాత్రం ఏ ప్రభుత్వమూ తొక్కకూడదు.