జాగ్రత్త: ‘సినిమాటిక్’ అని చెప్పి డాన్స్ వీడియోని పాడుచేసి ఇచ్చారు

ఫోన్‌లో తీసిన వీడియోలు బయట ఎడిటింగ్‌కి ఇవ్వబోతున్నవాళ్ళు ముందు ఇది చదవండి. ‘సినిమాటిక్ ప్యాకేజ్’ అంటూ ఎక్కడ చూసినా కనబడే ఆ యాడ్ ఎవరిదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయడం లేదు.

మా అక్క కూతురి డాన్స్ ప్రోగ్రాం. నా ఫోన్‌లో ఎదురుగా 60 ఎఫ్‌పీఎస్‌లో (అంటే సెకనుకి 60 ఫ్రేమ్‌లు, 60 బొమ్మలు) తీశాను, అక్క పక్కనుంచి తన ఫోన్‌లో 30లో తీసింది. రెండూ కలిపి ఒక వీడియో చేయమని ఇచ్చి, వాళ్ళు అడిగినట్టే డబ్బు మొత్తం ముందే కట్టాం. ఏ ఫ్రేమ్ రేట్‌లో కావాలని వాళ్ళు ఒక్క మాట అడగలేదు. ఇది డాన్స్, కదలికలు స్మూత్‌గా ఉండాలి అని నేనే మెసేజ్ పెట్టాను. ‘ష్యూర్ మేడమ్’ అన్నారు.

వచ్చిన వీడియో చూస్తే కడుపు మండిపోయింది. పాప గిర్రున తిరిగే చోట జడ తిరగడం లేదు, గెంతుతోంది. ఒరిజినల్‌లో అదే చోట ఆపి ఒక్కో ఫ్రేమ్ జరిపి చూస్తే ఎంత సాఫీగా వస్తోందో! అనుమానం వచ్చి వాళ్ళిచ్చిన ఫైల్‌ని వీడియో వివరాలు చూపించే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను, ఫ్రేమ్ రేట్ 24 అని ఉంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది, సగం ఫ్రేమ్ అంటూ ఉండదు కాబట్టి ఒకసారి రెండు ఫ్రేమ్‌లు, ఇంకోసారి మూడు ఫ్రేమ్‌లు ముందుకు దూకుతుంది. నెమ్మదిగా నడిచే సీన్‌లో పెద్దగా తెలియకపోవచ్చు, తిరిగే పిల్ల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే 30లో చేసి ఉంటే ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ తీస్తే చాలు, కదలిక సమంగా ఉండేది.

ఇక పాప ఎగిరే చోట స్లో మోషన్ పెట్టారు. ఎదురుగా తీసిన 60 క్లిప్ చేతిలో ఉండగా అక్క తీసిన 30 క్లిప్ తీసుకుని నాలుగో వంతు వేగానికి తగ్గించారు. అంటే సెకనుకి మిగిలేవి 7.5 ఫ్రేమ్‌లు, ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతున్నట్టుంది. పైగా చివరికొచ్చేసరికి అడుగు పడ్డాక చప్పుడు వినిపిస్తోంది. ఫోన్లు 30 అని చూపించినా రికార్డింగ్‌లో ఫ్రేమ్ రేట్ కొంచెం కొంచెం మారుతూనే ఉంటుంది, దాన్ని స్థిరమైన రేటుకి మార్చకుండా టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో క్లిప్‌లు వరుసగా పేర్చే చోట) పడేస్తే పొడవాటి క్లిప్‌లో సౌండ్ ఇలాగే జారిపోతుంది. డబ్బు తీసుకుని ఎడిటింగ్ చేసేవాళ్ళకి ఇది తెలియదా?

ఇదంతా ఒక ఎత్తు, ఫోన్ చేసినప్పుడు వాళ్ళు మాట్లాడిన తీరు ఒక ఎత్తు. “ఫోన్‌తో తీసినదానికి ఇంతకంటే ఏం వస్తుంది మేడమ్, మంచి కెమెరా పెట్టుకోవాల్సింది” అన్నాడు ఫోన్ ఎత్తినతను. ఒరిజినల్, వాళ్ళ వీడియో పక్కపక్కన పెట్టి పంపాను. చూశాడు. చూసి కూడా “మీకు సినిమాటిక్ లుక్ అర్థం కావడం లేదు” అన్నాడు! అక్క పక్కనే ఉంది, స్పీకర్‌లో అన్నీ వింటోంది, దాని ముఖం చూడలేకపోయాను. 24 చెడ్డదని నేను అనడం లేదు, సినిమాలకి మాటలొచ్చిన 1920ల చివరి నుంచి అదే వాడుతున్నారు. కానీ సినిమావాళ్ళు తీయడమే 24లో తీస్తారు, ఒక్కో ఫ్రేమ్‌కి మామూలుగా 1/48 సెకను వెలుతురు పడనిస్తారు, ఆ కాస్త బ్లర్ వల్లే కదలిక కంటికి బాగుంటుంది. 60లో తీసినప్పుడు ఒక ఫ్రేమ్‌కి 1/60 సెకను కంటే ఎక్కువ దొరకదు, ఆ బ్లర్ తర్వాత కోస్తే రాదు. ఈ మాట చెబుతుంటే మధ్యలోనే ఆపేసి, ప్రాజెక్ట్ ఫైల్ డిలీట్ చేశాం, మళ్ళీ కావాలంటే ఇంకో ప్యాకేజ్ కట్టండి అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను, నంబర్ బ్లాక్ చేశాడు.

మీరు ఎవరికిచ్చినా టైమ్‌లైన్ ఏ ఫ్రేమ్ రేట్‌లో పెడతారో ముందే మెసేజ్‌లో రాయించుకోండి, ఫైల్ చెక్ చేశాకే మిగతా డబ్బు ఇవ్వండి. సొంతంగా చేసుకునేవాళ్ళు క్లిప్‌లని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ పెట్టి మార్చుకుని, టైమ్‌లైన్ రేటు మొదటే సరిగ్గా ఎంచుకోండి, డావిన్చీ రిజాల్వ్‌లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో క్లిప్‌లు పెట్టాక దాన్ని మార్చనివ్వదు. ఒరిజినల్స్ మాత్రం ఫోన్‌లోంచి తీసేయకండి. మావి ఉన్నాయి కాబట్టి 30లో మళ్ళీ చేయించుకుంటున్నాం.